మాటల మడుగు

పరదేశయ్య గురువుగారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. తిరగలిగెడ్డ మఠంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, అయినా అడగడం మానినవాళ్ళూ లేరు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒకాయన వంటింటి గోడలకి సున్నం వేశాడు. మోక్షం ఎప్పుడొస్తుందని అడిగిన ఒకావిడ, చేతులకి నూనె రాసుకోవడం మరిచిపోయి పనసకాయ కోసింది. ఆ జిగురు వదిలేసరికి పొద్దుగూకింది, మోక్షం ఊసు మళ్ళీ ఆవిడ నోట రాలేదు. గురువుగారు మాత్రం అరుగుమీద కూచుని, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ, "పనయ్యాక రండి, మాట్లాడుకుందాం" అనేవారు. పనయ్యాక వచ్చినవాళ్ళకి అడగాల్సింది సాధారణంగా ఏమీ మిగిలేది కాదు.

ఆ మఠంలో భీమశంకరం అని ఒక శిష్యుడుండేవాడు. పేరుకు తగ్గ విగ్రహం. చదవని గ్రంథం లేదు, వినని పాఠం లేదు. మఠానికి ఏ పండితుడు వచ్చినా, వెళ్ళేలోపల ఆయన దగ్గరున్నదంతా భీమశంకరం బుర్రలోకి వచ్చేసేది. వంటవాళ్ళిద్దరు ఉప్పు దగ్గర తగువాడుకుంటున్నా, దానికి సరిపడే శ్లోకం ఏ అధ్యాయంలో ఉందో అతను మనసులో వెతుక్కునేవాడు. ఇంతా ఉండి, నలుగురి ముందు నోరు తెరిస్తే మాట పెగిలేది కాదు. సాయంత్రం పూట "నువ్వు నాలుగు ముక్కలు చెప్పు నాయనా" అంటే లేచేవాడు, గొంతు సవరించుకునేవాడు, కండువాతో మెడ తుడుచుకునేవాడు, "ఇంకా ఒక గ్రంథం చూడాల్సి ఉందండీ" అని కూలబడేవాడు. పెద్దవాళ్ళు పాపం నవ్వేవారు కాదు. తల వంచుకుని దగ్గేవారు.

ఒకనాడు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యగారూ, లోపల ఇంతుంది. బయటికి ఒక్క ముక్క రాదు. ఇంకా ఎంత నింపుకుంటే నాకు మాట వస్తుంది?" అని అడిగాడు.

గురువుగారు వక్క కత్తిరించడం ఆపి అతన్ని కాసేపు చూశారు. "గురుపూజ దగ్గరపడింది. మన తిరగలి ఎందుకు తిరగడం లేదో చూడు ముందు" అన్నారు.

భీమశంకరం మొహం మాడిపోయింది. పుండున్న చోటే వేలు పెట్టినట్టయింది అతనికి. ఎందుకో తెలియాలంటే ఆ తిరగలి సంగతి చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి.

ఆ మఠాన్ని కట్టిన లింగన్న తాత సన్యాసి కాకముందు రాళ్ళు కొట్టేవాడు. రోళ్ళూ తిరగళ్ళూ చేసి సంతలో అమ్మేవాడు. తిరగలి అమ్మేవాడికి దాన్ని తిప్పే చేతులతో పనేముంది? కానీ ఒకసారి, తను చిన్నప్పుడు చేసిన తిరగలినే తన తల్లి వాచిన మణికట్టుతో తిప్పుతూంటే చూశాడు. మనసు పాడైపోయింది. తలెత్తితే కొండమీంచి ఊరికే దూకుతున్న గెడ్డ కనబడింది. "ఎలాగూ దూకుతున్నావు గదమ్మా, పోతూ పోతూ ఈ పని కాస్త చూసిపోదూ" అని గెడ్డతో అన్నాడట. గెడ్డ ఒప్పుకుందో లేదో గానీ, లింగన్న మాత్రం గునపం పట్టాడు.

ఎగువన గెడ్డకి అడ్డంగా రాళ్ళు పేర్చి చిన్న కట్ట వేశాడు. అక్కణ్ణించి కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు ఒక కాలువ తీశాడు. కాలువ చివర తూము, తూముకి చెక్క పలక. పలక ఎత్తితే చాలు, నీళ్ళు, మాను తొలిచి చేసిన దోనెలోంచి ఏటవాలుగా జారి కింది గదిలోకి దూకుతాయి. ఆ గదిలో చక్రం ఉంటుంది. రాట్నంలా నిలబడి కాదు, పళ్ళెంలా పడుకుని. దానికి చుట్టూ రెక్కలు. నీళ్ళ దెబ్బ రెక్కలకి తగిలితే చక్రం తిరుగుతుంది, చక్రంతో పాటు దాని నడిమి ఇరుసు. ఆ ఇరుసు గది కప్పులోంచి పైకొచ్చి, కింది రాతి కన్నంలోంచి దూరి, పై రాతిని పట్టుకుని ఉంటుంది. కింది రాయి కదలదు, పై రాయి ఆగదు. పైన వేలాడే తొట్టిలో చోళ్ళు పోస్తారు. చోళ్ళంటే రాగులే, మా వైపు అలా అంటారు. తొట్టికి ఒక కర్ర కట్టి, దాని కొసని పై రాతి వీపుమీద ఆనించి ఉంచాడు లింగన్న. రాయి తిరుగుతుంటే కర్ర టకటకమని ఎగిరెగిరి తొట్టిని కుదుపుతుంది, గింజలు గుప్పెడు గుప్పెడు రాలతాయి. ఆ కర్రకి జనం వాగుడుకాయ అని పేరు పెట్టారు. అది వాగినంతసేపూ పిండి పడుతున్నట్టే లెక్క.

ఇంకొక సంగతి. నీళ్ళు లోపలికొచ్చే దోనె వెడల్పు మనిషి చేతులు చాచినంత కూడా లేదు. బయటికి పోయే దారి మాత్రం గేదె తలవంచకుండా నడిచిపోయేటంత కమాను. ఆ కమాను దగ్గర్నించి గెడ్డదాకా బాగా వాలుగా ఒక దిగువ కాలువ. గచ్చు లేదు, సున్నం లేదు, రాతిమీద రాయి కూచోబెట్టి కట్టాడు. తరాలు గడిచినా ఒక్క రాయి పక్కకి జరగలేదు.

భీమశంకరానికి ఈ కట్టడమంటే ప్రాణం. పడుచువాడిగా ఇటువైపు నడిచిపోతూ వాగుడుకాయ చప్పుడు విని ఆగినవాడు, మరి వెళ్ళలేదు. దానిలో ప్రతి ముక్కకీ అతని దగ్గర వ్యాఖ్యానం ఉంది. కదలని రాయి ఈశ్వరుడు, కదిలే రాయి జీవుడు, రెక్కలు ఇంద్రియాలు, తొట్టి కర్మ. అంత పెద్ద కమాను ఎందుకయ్యా అంటే, మోక్షద్వారం విశాలం అని చెప్పడానికి. ఇదంతా మనసులోనే సుమండీ, ఎవరికీ చెప్పినవాడు కాడు.

మఠానికి రెండు ఆచారాలు. మొదటిది లింగన్న తాత పెట్టింది. గురుపూజ నాడు ఎవరొచ్చినా కులం గోత్రం అడక్కుండా, ఆ తిరగలిలో ఆ పొద్దున విసిరిన పిండితో అంబలి కాచి పోయాలి. రెండోది జనం పెట్టుకున్నది. మాటలు ఆలస్యమైన పిల్లల్ని తెచ్చి, కమాను ముందు పారే నీళ్ళలో ముంచేవారు. పైన వాగుడుకాయ అంతలా వాగుతుంటే, దాన్ని వాగించిన నీళ్ళు పిల్లల నాలుకలని మాత్రం కదిలించవా అని వాళ్ళ నమ్మకం. మొదట్లో పారే నీళ్ళలోనే ముంచి ఎత్తేవారు. తరవాత ఎవరో పిల్లణ్ణి కూచోబెట్టుకోవడానికి నాలుగు రాళ్ళు అడ్డం వేశారు. ఇంకెవరో వాటిమీద నాలుగు పేర్చారు. కాలువ మూతి మెల్లగా గుంట అయింది, గుంట మాటల మడుగయింది.

దాన్ని నిజంగా మడుగు చేసింది మాత్రం మన భీమశంకరమే. ధర్మకర్త తవిటినాయుడు గారి దగ్గరికి వెళ్ళి, ఇంత మహిమగల నీళ్ళు ఊరికే గెడ్డపాలవుతున్నాయని వాపోయాడు. ఒక్కడి ముందైతే అతనికి మాట బాగానే వస్తుంది. నాయుడుగారు భక్తుడు, పైగా పేరంటే సరదా. మెట్లతో సహా నిలువెత్తు రాతిగోడ కట్టించి, పై వరసలో నడిమి రాతిమీద తన తండ్రి పేరు చెక్కించారు. భీమశంకరం రోజూ తెల్లారగట్ల అందులో మెడలోతు మునిగేవాడు. పిల్లలకొచ్చే మాట నాకూ రాకపోతుందా అని అతని ఆశ. మాట రాలేదు, పడిశం పట్టింది.

తిరగలికి జబ్బు చేసింది కూడా ఆ ఏడాది నుంచే. మూలిగింది, నీలిగింది, నాలుగు చుట్లు తిరిగి ఆగింది. గురుపూజకి పట్నంలో మర పట్టించిన పిండి తెచ్చి అంబలి కాచారు. జనం తాగారు. "బాగుంది గానీ..." అన్నారు. ఆ 'గానీ' తరవాత ఏమీ అనలేదు. ఇలా రెండు మూడేళ్ళు జరిగాక నాయుడుగారు తేల్చి చెప్పేశారు. "ఈ గురుపూజకి తిరిగిందా సరే, లేదా ఆ రాళ్ళు పీకించేసి కరెంటు మర పెట్టిస్తాను. పాత రాళ్ళు గుమ్మంలో మెట్లకి పనికొస్తాయి" అన్నారు. ఆయనది చెడ్డబుద్ధి కాదు. వచ్చినవాళ్ళకి వేళకి ఇంత పెట్టాలన్నదే ఆయన బాధ. కానీ పై రాతిని మెట్టుగా ఊహించుకున్నప్పుడల్లా భీమశంకరానికి అన్నం సయించేది కాదు.

ఏమీ చెయ్యలేదని కాదు, చాలా చేశాడు. నీళ్ళు చాలడం లేదనుకుని ఎగువ కట్ట ఎత్తు పెంచాడు. కాలువ వెడల్పు చేయించాడు, బంకమట్టితో గండ్లు పూడ్పించాడు. నునుపెక్కిన రాళ్ళకి కక్కు కొట్టించి గరుకు చేయించాడు, వడ్రంగి చేత కొత్త రెక్కలు వేయించాడు. నీళ్ళు పెంచినకొద్దీ తిరగలి ఇంకా మందగించింది. అది చూసి, నీళ్ళు ఇంకా చాలడం లేదనుకున్నాడు. చదువుకున్నవాడు కదా మరి!

గురువుగారు పురమాయించాక మళ్ళీ మొదట్నించీ అన్నీ చూసుకొచ్చాడు. కట్ట బాగుంది, కాలువ బాగుంది, తూము బాగుంది. రోగం ఎక్కడా లేదు, రోగి మాత్రం లేవడం లేదు. అలా గురుపూజకి ముందునాడు వచ్చేసింది.

ఆనాడు మడుగు శుభ్రం చెయ్యడం ఆనవాయితీ. గోడ అడుగున చిన్న కన్నం ఉంది. దాని బిరడా లాగితే నీళ్ళు సన్నగా కారి, మధ్యాహ్నానికి మడుగు ఎండుతుంది. ఊళ్ళోవాళ్ళు దిగి బురద ఎత్తిపోసి, మెట్లు కడిగి, మళ్ళీ బిరడా కొట్టి తూము పలక ఎత్తారు. నీళ్ళు దోనెలోంచి దూకాయి. వాగుడుకాయ ఒక్కసారిగా అందుకుంది. టకటకటకమని ఊరంతా వినబడేటట్టు వాగింది. అందరి మొహాలూ వెలిగిపోయాయి. నాయుడుగారు కొబ్బరికాయ కొట్టారు. ఇది ప్రతి ఏడాదీ జరిగేదే. ముందునాడు సాయంత్రం కాసేపు తిరగలి దివ్యంగా తిరుగుతుంది, తరవాత ఆగిపోతుంది. లింగన్న తాత స్వయంగా వచ్చి తన తిరగలిని ఓమారు తిప్పి చూసుకుని పోతాడని జనం చెప్పుకునేవారు. భీమశంకరం కూడా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాడు. ఆ కళ్ళు మూసుకోవడమే అతను చేసిన తప్పు, అంటాను నేను.

ఆ సాయంత్రం అతను చేతులు జోడించబోతుంటే, గురువుగారు అరుగుమీంచి పిలిచి ఇత్తడి చెంబు చేతికిచ్చారు. "కాళ్ళు కడుక్కోవాలి. మడుగులోంచి నీళ్ళు పట్టుకురా. పై మెట్టుదాకా రానిచ్చి ముంచు, అడుగు నీళ్ళు వద్దు" అన్నారు.

భీమశంకరం చెంబు పట్టుకుని మెట్లమీద కూచున్నాడు. చెయ్యడానికి వేరే పనేమీ లేదు, నీళ్ళని చూడటం తప్ప. అడుగు మెట్టు తడిసింది. పైన వాగుడుకాయ గట్టిగా వాగుతూనే ఉంది. ఇంకో మెట్టు మునిగింది. నీళ్ళు కమాను గడపని తాకాయి, గడప దాటి చక్రం ఉన్న గదిలోకి వెనక్కి పాకాయి. అప్పుడు పైన చప్పుడు కొంచెం తడబడింది. అతను తలెత్తాడు. ఇంకో మెట్టు మునిగింది. టక... టక... అంది వాగుడుకాయ, నిద్రొస్తున్న ముసలమ్మ కథ చెబుతున్నట్టు. వంగి కమానులోంచి చూస్తే, రెక్కలు నిలవ నీళ్ళలో మునిగి, పైనుంచి ఎంత నీళ్ళు మీద పడుతున్నా, బురదలో దిగబడ్డ ఎద్దులా కదల్లేక కొట్టుకుంటున్నాయి. పై మెట్టు తడిసేసరికి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

అతను చెంబు పట్టుకునే ఎగువ కట్టకేసి చూశాడు. ఇన్నేళ్ళుగా ఎగువన గుద్దలితో తను పడ్డ పాటంతా కళ్ళముందు కదిలింది. తిరగలికి ఉరిబిగించింది తనే. భక్తిగా, శ్రద్ధగా, ఒక్కొక్క రాయీ పేర్పించి మరీ బిగించాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. అంతలోనే ఎక్కడో అడుగున సంతోషం కూడా పొడుచుకొచ్చింది. రోగం తెలిసింది గదా.

చెంబు నిండా నీళ్ళు తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. "అయ్యగారూ, గోడ" అన్నాడు.

"ఏ గోడ?"

"నేను పెట్టించిన గోడే. అది తీసెయ్యాలండి."

గురువుగారు తాపీగా కాళ్ళు కడుక్కున్నారు. "నాతో చెబుతావేమిటి నాయనా? నేనేమైనా అందులో మునుగుతున్నానా? మునిగేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. వాళ్ళతో చెప్పు."

"నేనా? అంతమంది ముందా? తమరు ఒక్క మాట సెలవిస్తే..."

"రేపు నాకు నోటినిండా తాంబూలం ఉంటుంది" అన్నారు గురువుగారు.

భీమశంకరం ఏం చేశాడో ఊహించగలరు. ప్రవాహాన్ని గురించిన శ్లోకాలన్నీ జ్ఞాపకం చేసుకున్నాడు. నదులమీద ఉన్నవి ఒక వైపు, వైరాగ్యంమీద ఉన్నవి ఒక వైపు పేర్చుకున్నాడు. తెల్లారేసరికి ప్రసంగం కోటలా నిలబడింది. బయటికి రావడానికి దానికి ద్వారం ఒక్కటే లేదు.

పొద్దున మడుగు చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. చంకల్లో పిల్లలు, నెత్తిన చోళ్ళ మూటలు. నాయుడుగారు పట్టుపంచె కట్టుకుని నిలబడ్డారు. తూము పలక ఎత్తే ఉంది, తిరగలి మాత్రం చప్పుడు లేదు. ఆయన ఒకసారి తిరగలికేసి, ఒకసారి ఎండకేసి చూసి, మేస్త్రీని రేపే పిలిపిస్తానని పక్కవాళ్ళతో అంటున్నారు. ఆ మాట భీమశంకరం చెవిన పడింది. అతను గోడెక్కి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. మొదటి శ్లోకం మొదటి పాదం అందుకున్నాడు, రెండో పాదం దగ్గర నోరెండిపోయింది. ఇంకేముంది, జనం తలలు వంచుకుని దగ్గడం మొదలెట్టారు. గురువుగారు అరుగుమీద తాంబూలం నములుతూ అటు తిరిగి కూచున్నారు.

శ్లోకం వదిలేశాడు. "ఈ గోడ తీసెయ్యాలి" అన్నాడు గబుక్కున.

దగ్గులు ఆగిపోయాయి.

"ఏమయ్యా భీమశంకరం," అన్నారు నాయుడుగారు, "కట్టమన్నదీ నువ్వే, తియ్యమంటున్నదీ నువ్వేనా? మా నాన్నగారి పేరుందయ్యా దానిమీద."

ఆయనకి జవాబు చెప్పేలోపే, నీళ్ళలో నడుములోతున నిలబడ్డ అసిరితల్లి అనే ముసలావిడ తన మనవణ్ణి ఎత్తి చూపించింది. "గోడ తీసేత్తే ఈడికి మాటెలాగొత్తాది బాబూ? మూడో ఏడు ఎల్లిపోతంది, అమ్మా అని కూడా అన్లేదు. మీకేటి, సదువుకున్నోరు" అంది. ఆమె కోపంగా అనలేదు. ఏడుపు గొంతుతో అంది.

భీమశంకరానికి ఆ పిల్లాడి మొహం తప్ప మరేమీ కనబడలేదు. మూసిన నోరు, పెద్ద పెద్ద కళ్ళు. ఆ బాధ తనకి తెలిసినంత ఆ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?

"అమ్మా, నాకూ మాట రాదు" అన్నాడు. "నీ మనవడు ఏడాదికోసారి మునుగుతున్నాడేమో, నేను రోజూ మునిగాను. నాకేమైనా వచ్చిందా? నువ్వే చూస్తున్నావు గదా. మీ అమ్మ నిన్నిక్కడికి తెచ్చిన రోజుల్లో ఈ మడుగు ఉందా? లేదు. నీళ్ళు పారేవి. పైన వాగుడుకాయ వాగేది. మీరందరూ దాన్ని వింటూ పిల్లల్ని ముంచేవాళ్ళు. ఆ నీళ్ళు ఎందుకు గొప్పవి? తిరగలిని తిప్పాయి గనక. ఎందుకు తిప్పగలిగాయి? ఆగకుండా పోయాయి గనక. లింగన్న తాత అంత కమాను కట్టి, అంత వాలుగా కాలువ తీసింది ఇవి పోవడానికే. నేను వచ్చి, అయ్యో పోతున్నాయే అని ఏడ్చి, అడ్డం కట్టాను. వెళ్ళాల్సిన నీళ్ళు వెళ్ళకపోతే అవి వెనక్కి వెళ్ళి చక్రాన్ని పట్టుకున్నాయి. నిన్న సాయంత్రం మెట్లమీద కూచుని నా కళ్ళతో చూశాను. తాత రావడమూ లేదు, పోవడమూ లేదు. మడుగు ఖాళీగా ఉన్నంతసేపూ తిరుగుతోంది, నిండగానే ఆగుతోంది. అమ్మా, ఈ పిల్లాడికి ఏ మందుందో నాకు తెలియదు. కానీ వాడు పుట్టి మూడేళ్ళవుతున్నా ఆ చప్పుడు ఒక్కసారి తీరిగ్గా వినలేదు. వినకుండా చేసింది నేనే. ఆ ఒక్కటీ నేను తీర్చగలను, తీర్చనివ్వండి."

ఎంతసేపు మాట్లాడాడో అతనికే తెలియదు. ఆపి చూస్తే ఎవరూ దగ్గడం లేదు.

అసిరితల్లి మెట్లెక్కి వచ్చి, ఎదురుగా ఉన్న నాయుడుగారి చేతుల్లో మనవణ్ణి పెట్టేసింది. "కూసింత పట్టుకోండి బాబూ" అని, కొంగు బిగించి మళ్ళీ దిగి, గోడ పై వరస రాతిమీద చెయ్యేసింది. మరి నలుగురు దిగారు. తడి పిల్లాడు నాయుడుగారి పట్టు ఉత్తరీయం నోట్లో పెట్టుకున్నాడు. ఆయన అటు పిల్లాణ్ణి చూసి, ఇటు తండ్రి పేరున్న రాతిని చూసి, నిట్టూర్చారు. "ముందు ఆ నడిమి రాయే తియ్యండర్రా. మా నాన్న అంబలికి అడ్డంపడ్డాడని రేపెవరూ అనకూడదు" అన్నారు. ఆ మాటకి అందరూ నవ్వారు, నవ్వాక అందరూ దిగారు.

గోడకి గండి పడేసరికి మడుగు ఒక్క ఉరుకున గెడ్డలోకి పరిగెత్తింది. కమాను గడప తేలింది. కింది గదిలో ఏదో కదిలిన చప్పుడు, ఇరుసు కిర్రుమన్న చప్పుడు, ఆ తరవాత టక్ అని ఒక్కటి, ఇంకొకటి, మరి లెక్కపెట్టడానికి వీల్లేకుండా వాగుడుకాయ వాగడం మొదలెట్టింది. ఆడవాళ్ళు మూటలు విప్పి చోళ్ళు తొట్టిలో పోశారు. వెచ్చని పిండి వాసన బయటిదాకా వచ్చింది. అంబలి కాగేసరికి మధ్యాహ్నం తిరిగింది, అయినా ఎవరూ విసుక్కోలేదు. ఈసారి "బాగుంది" అని ఆపేశారు. నాయుడుగారు రెండు లోటాలు తాగి, మూడోదానికి చెయ్యి చాపారు. మేస్త్రీ ఊసెత్తలేదు. పిల్లాడికి మాటొచ్చిందా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఆనాడైతే రాలేదు. తిరగలి గుమ్మంలో కూచుని, ఆ చప్పుడుకి తల ఊపుతూ ఒకటే నవ్వు. వాళ్ళ నాయనమ్మకి ఆ పూటకి అదే చాలింది.

భీమశంకరాన్ని మాత్రం జనం వదల్లేదు. కమాను ఎందుకలా కట్టారు, రాళ్ళు సున్నం లేకుండా ఎలా నిలిచాయి, తాత తల్లి పేరేమిటి అని అడుగుతూనే ఉన్నారు. అతను చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అందర్నీ సాగనంపి, బట్టలకి పిండీ బురదా అంటుకుని ఉండగానే, అరుగు దగ్గరికి వచ్చి కూచున్నాడు. ఒళ్ళంతా హాయిగా ఉంది. గురువుగారు తాంబూలం ఉమ్మేసి నోరు కడుక్కున్నారు.

"అయ్యగారూ, తిరగలి తిరిగింది" అన్నాడు.

"విన్నాను. నువ్వు చెప్పిందీ విన్నాను."

భీమశంకరానికి అలవాటైన దిగులు మళ్ళీ మొదలైంది. "ఇవాళ ఏదో గడిచిపోయింది. ఉన్నదంతా చెప్పేశాను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే చెప్పడానికి ఇంకేం మిగిలిందండీ? కొత్తగా ఏ గ్రంథం మొదలుపెట్టమంటారు?" అని అడిగాడు.

గురువుగారు అడకత్తెర చేతిలోకి తీసుకున్నారు. "వచ్చే నీళ్ళ సంగతి కొండ చూసుకుంటుంది నాయనా. పోయేవాటికి దారుందో లేదో, నువ్వది చూసుకో" అన్నారు.